మంచుకొండ గేటు దగ్గర నర్సింలు మామ

నర్సింలును లిఫ్టు మెకానిక్కును చేసింది ఏ ఐటీఐ కాలేజీ కాదు, రియాద్ మీద పడ్డ స్కడ్ మిసైళ్ళు. మెట్‌పల్లి పక్క పల్లె నుంచి 1990 చివర్లో గోడలకు ప్లాస్టరింగు చేసే పనికని వచ్చాడు. వచ్చి ఇంకా అక్కడి రొట్టె ఒంటికి పట్టకముందే యుద్ధం మొదలైంది. కంపెనీలో ఉన్న ఇద్దరు లిఫ్టు మెకానిక్కులూ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఎవరి దేశానికి వాళ్ళు వెళ్ళిపోయారు. యజమాని సాలిం అప్పటికింకా కుర్రవాడు. ఏడంతస్తుల మేడలో పై అంతస్తులో కాపురం. మోకాళ్ళు గట్టివే గాని మెట్లెక్కడమంటే పరువు తక్కువ. కూలీలందర్నీ ఎండలో నిలబెట్టి, లిఫ్టు పని ఎవరికి తెలుసని అడిగాడట.

"నేను చెయ్యి లేపిన" అన్నాడు నర్సింలు. ఒక శుక్రవారం రియాద్ బత్తా బజారులో చాయ్ ముందు పెట్టుకుని నాకీ కథ చెప్పడం మొదలుపెట్టాడు. "మా బామ్మర్ది గోదావరిఖని బొగ్గుబాయిల పని జేసేటోడు. ఒకపారి వానికి సద్ది ఇయ్యవోయి, బండ్లను గుంజే తాడును దూరంకెళ్ళి జూసిన. గంతే నా సదువు."

"చూసినందుకే చెయ్యి లేపావా?"

"మరి కడమోళ్ళు సూడను గూడ సూడలేదు గద సార్!"

పరీక్ష కూడా తొందరలోనే వచ్చింది. సాలిం, నర్సింలు లిఫ్టులో ఉండగా సైరన్ మోగింది. ఇద్దరూ గ్యాసు మాస్కులు తగిలించుకున్నారు. కరెంటు పోయింది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది. సాలిం మాస్కు లోపల నుంచి ఏదేదో అరుస్తుంటే నర్సింలు ప్రతి మాటకూ నెమ్మదిగా తల ఊపుతూ నిలబడ్డాడట. కరెంటు వచ్చాక సాలిం బయటపడి, ఇంత ధైర్యవంతుణ్ణి నేనెప్పుడూ చూడలేదన్నాడు.

"ధైర్యం లేదు, పాడు లేదు. మాస్కు అద్దానికి ఆవిరి పట్టింది సార్. లిఫ్టు ఆగిందని నాకు దిగినంక తెల్సింది."

అలా యుద్ధం ఇచ్చిన ఉద్యోగం యుద్ధం పోయినా పోలేదు. మేడలు పెరిగాయి, లిఫ్టులు పెరిగాయి, సాలిం పొట్ట పెరిగింది. సాలిం కాస్తా షేక్ సాలిం అయ్యాడు. నర్సింలు చెడగొట్టి నేర్చుకున్నది కొంత, నేర్చుకుని చెడగొట్టింది కొంత. ఇకామా అనే నివాస కార్డు మీద మాత్రం ఇరవై ఆరేళ్ళుగా ప్లాస్టరింగు మేస్త్రీయే. ఆ వృత్తి వాళ్ళకు భార్యను తెచ్చుకునే వీసా ఇవ్వరు. కాబట్టి ముత్యవ్వ మెట్‌పల్లి దగ్గర పసుపు చేనులో, నర్సింలు రియాద్‌లో. ఇద్దరు కొడుకులకు తండ్రి అయినా, తల సగం నెరిసినా, ఆ ఊరి లెక్కలో అతను బ్యాచిలరు. ఆ రోజుల్లో అక్కడ హోటలుకు వెళ్ళినా, పార్కుకు వెళ్ళినా మనుషులు రెండు జాతులు. ఆడవాళ్ళు వెంట ఉన్నవాళ్ళు ఫ్యామిలీ, లేనివాళ్ళు బ్యాచిలర్లు. మంచి చోట్లన్నీ ఫ్యామిలీలవి. బ్యాచిలర్లకు గేటు బయటి గాలి.

2016లో షేక్ సాలిం తన మాల్ లోపల ఒక మంచుకొండ కట్టించాడు. బయట ఇసుక మీద కోడిగుడ్డు ఉడికే ఎండ, లోపల చెవులు గడ్డకట్టే చలి. కొండంటే మన ఊరి గుట్టలో పావు వంతు. దాని మీద నుంచి జారడానికి చెక్కలు, పైకి వెళ్ళడానికి తాడుకు వేలాడే కుర్చీల లిఫ్టు. కట్టించడానికి కారణం షేక్ తల్లి, ఉమ్ సాలిం. ఆవిడ దక్షిణాన కొండల్లో పుట్టి పెరిగింది. చిన్నప్పుడు ఒకసారి వడగళ్ళు పడి వాళ్ళ పొలమంతా తెల్లబడిందట. మళ్ళీ అలాంటి తెలుపు మీద ఒకసారి చెయ్యి పెట్టాలని ఆవిడ కోరిక. కర్ర పట్టుకుని నడిచే మనిషి కాబట్టి, ప్రారంభం నాటికి లిఫ్టునూ దారినీ ఆవిడకు తగ్గట్టు బాగుచేయమని షేక్ ఆజ్ఞ.

ఆ పని మేనేజర్ వాయిల్ చేతిలో పడింది. మంచుకొండకు మేనేజరైనా వాయిల్ మంచు మీద కాలు పెట్టేవాడు కాదు, బూట్లు పాడవుతాయని. సరిగ్గా అప్పుడే నర్సింలు చుట్టి, అంటే ఊరెళ్ళడానికి సెలవు, అడిగాడు.

నాలుగేళ్ళయింది ఇంటికి వెళ్ళి. ముత్యవ్వ ఫోనులో ఒకటే మాట చెప్పింది.

"ఈసారి పసుపు తవ్వే యాళ్ళకు నువ్వు రాకుంటే, నేను కూలోళ్ళను బెట్ట. పసుపు భూమిలనే మురుగుతది. ఊరోళ్ళడిగితే మా ఆయినె సౌదీల మంచు అమ్ముకుంటుండు, మాకు పసుపెందుకని చెప్త."

"గట్ల జెయ్యకే, ఏడాది కష్టం."

"కష్టం నాది. మురగవెట్టుకుంటె నా ఇష్టం."

ముత్యవ్వ అన్నంత పనీ చేసే మనిషి. ఒకసారి కోపం వచ్చి కొత్త టీవీని అటక మీద పెట్టి రెండేళ్ళు దించలేదు. కాబట్టి నర్సింలు వాయిల్ గదికి వెళ్ళి నిలబడ్డాడు. వాయిల్ తల ఎత్తకుండానే చెప్పాడు. "ప్రారంభం సాఫీగా జరగనీ. ఆ రోజే నీ పాస్‌పోర్టు, వెళ్ళి తిరిగొచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా రెండూ నీ చేతిలో పెడతాను. సాఫీగా జరగకపోతే వచ్చే ఏడాది మాట్లాడుకుందాం."

ఇక బాగుచేయడం మొదలైంది. మొదట కుర్చీలకు మెత్తని ఉన్ని గుడ్డ కుట్టించారు. ఉన్ని తడిసి, గడ్డకట్టి, కూర్చున్నవాళ్ళు లేస్తే గుడ్డ కూడా లేచొచ్చింది. తర్వాత పెద్దావిడ కోసమని లిఫ్టు వేగం తగ్గించారు. ఎంత తగ్గించారంటే, పరీక్షకు ఎక్కించిన ఫిలిప్పీన్ కుర్రాడు సగం దారిలో దూకి, నడిచి పైకి వెళ్ళి, తన కుర్చీ వచ్చేదాకా ఎదురుచూశాడు. తర్వాత వాయిల్‌కు మర్యాద గుర్తొచ్చింది. ఫ్యామిలీ కుర్చీలకు నాలుగు వైపులా పరదాలు కట్టించాడు. ఒక కుర్చీ ఫ్యామిలీకి, ఒక కుర్చీ బ్యాచిలర్‌కు, వరసగా. లోపలికి బ్యాచిలర్లను రానిచ్చేది లేదు కాబట్టి సగం కుర్చీలు పొద్దస్తమానం గాలిని పైకి మోసి, ఆ గాలినే కిందికి దించేవి.

అన్నిటికన్నా గొప్పది దారి బాగుచేయడం. వెనకవైపు పనివాళ్ళు వచ్చిపోయే చిన్న తలుపు ఉండేది. అది చూడ్డానికి బాగాలేదని మూయించి, దాని మీద పాలరాతి జలపాతం పెట్టించాడు. ఇక అందరికీ ముందున్న పెద్ద గేటు ఒక్కటే దారి. దాని మీద బంగారు రంగు అక్షరాలు: ఫ్యామిలీలకు మాత్రమే. లిఫ్టు నడిపేవాళ్ళు, మంచు ఎత్తేవాళ్ళు, నేల తుడిచేవాళ్ళు అందరూ బ్యాచిలర్లేనన్న సంగతి ఏ మీటింగులోనూ ఎవరికీ తట్టలేదు. మీటింగులో కూర్చున్నవాళ్ళంతా ఫ్యామిలీలు మరి.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ప్రారంభం రోజు వచ్చింది. పనివాళ్ళంతా గేటు తెరవకముందే లోపలికి చేరారు. నర్సింలు మొలతాడుకు లిఫ్టు తాళంచెవి కట్టుకున్నాడు. అంతకుముందు రెండుసార్లు చెవి ఎక్కడో పెట్టి మరిచిపోయాడు. మూడోసారి వాయిల్ స్పష్టంగా చెప్పాడు, ఈ చెవి నీ ఒంటి మీద నుంచి ఇంకొకరి చేతికి మారిందంటే చుట్టి మాట మరిచిపొమ్మని. మొలతాడు కన్నా భద్రమైన చోటు నర్సింలుకు తెలియదు.

అతిథులకు ఊదు పొగ వేయాలి. ధూపం గిన్నెలో బొగ్గులు అయిపోయాయి. వాయిల్ చుట్టూ చూశాడు. నర్సింలు కనబడ్డాడు. "యల్లా, పరుగెత్తి బకాలా కొట్లో బొగ్గులు పట్రా."

నర్సింలు పరుగెత్తాడు. అతను వెనక్కి వచ్చేసరికి గేటు దగ్గర రిబ్బన్ కత్తిరించడం అయిపోయింది. రూలు అమల్లోకి వచ్చింది. గేటు దగ్గర కొత్త యూనిఫారంలో తబ్రేజ్ నిలబడి ఉన్నాడు. తబ్రేజ్‌ది హైదరాబాద్ యాకుత్‌పురా. రోజూ నర్సింలుతో ఒకే గ్లాసులో చాయ్ పంచుకునే మనిషి.

"ఏడికి?" అన్నాడు తబ్రేజ్.

"ఏడికేంది, లోపటికి. బొగ్గులు తెచ్చిన."

"ఫ్యామిలీ ఏది?"

నర్సింలు నవ్వాడు. తబ్రేజ్ నవ్వలేదు.

"అన్నా, నీకు దండం. దోస్తీ దోస్తీయే, గేటు గేటే. పొద్దున్నే వాయిల్ సాబ్ కసం తినిపిచ్చిండు, ఒక్క బ్యాచిలర్‌ను ఇడిస్తే నా నౌకరీ ఖతం అని. పైన కెమెరా ఉంది చూడు. అటు చూడకు, చూస్తే అనుమానపడ్తరు."

"ఓరి నీ, నేను లిఫ్టు మెకానిక్కునురా!"

"మెకానిక్ ఫ్యామిలీతో వస్తే మెకానిక్. ఒక్కడొస్తే బ్యాచిలర్."

ఇక్కడ ఇలా ఉండగా లోపల కథ నడుస్తోంది. ఉమ్ సాలింను, పక్కన షేక్ సాలింను పరదా కుర్చీలో కూర్చోబెట్టారు. వాళ్ళకు మర్యాదగా వెనక కుర్చీలో వాయిల్ ఎక్కాడు. ఎవరో ఉత్సాహం కొద్దీ ధూపం గిన్నెలో అడుగున మిగిలిన నిప్పు నుసి మీద దోసెడు ఊదు పోశారు. గుప్పున లేచిన పొగ కప్పుకు తగిలి అలారం మోగింది. అలారం మోగితే లిఫ్టు దానంతటదే ఆగుతుంది. చెవి పెట్టి తిప్పితే మళ్ళీ కదులుతుంది. అది ఏ పిల్లవాడైనా చేయగల పని. చెవి మాత్రం గేటు బయట, మొలతాడుకు ఉంది.

తబ్రేజ్ చేతిలో వాకీటాకీ గరగరలాడింది. లిఫ్టు ఆగిందట, నర్సింలు ఎక్కడ అని.

"ఇక్కడే ఉన్నడు" అన్నాడు తబ్రేజ్. "కానీ బ్యాచిలర్ ఉన్నడు. పంపాలంటే వాయిల్ సాబ్‌ను అడగండి."

లోపలివాళ్ళు గాలిలో వేలాడుతున్న వాయిల్‌ను కింద నుంచి అడిగారు. అలారం మోతలో పైకి చేరింది నాలుగు ముక్కలే, ఒక బ్యాచిలర్‌ను రానివ్వొచ్చా అని. ముందు కుర్చీలో షేక్ వింటున్నాడు. వాయిల్ గొంతు పెంచి అన్నాడు. "ఒక్కణ్ణి కూడా వద్దు! రూలు రూలే!"

"విన్నావా అన్నా" అన్నాడు తబ్రేజ్ దిగులుగా. "చెవి నాకియ్యి, లోపలోళ్ళను పిలిచి ఇస్త."

నర్సింలు చెయ్యి మొలతాడు మీదికి వెళ్ళి ఆగిపోయింది. చెవి చేతులు మారితే చుట్టి లేదు. లిఫ్టు కదలకపోయినా చుట్టి లేదు. కళ్ళ ముందు పసుపు చేను మురుగుతున్నట్టే ఉందట. "ఇయ్య" అన్నాడు. "నేనే తిప్పాలె. నన్ను ఇడువు."

అప్పుడే గేటు దగ్గరకు ఇద్దరు ఆడపిల్లలతో ఒకావిడ వచ్చింది. పేరు కరీమున్నీసా. ప్రొద్దుటూరు ఆడపడుచు, అక్కడి ఇండియన్ బడిలో టీచరు. భర్త కారు పార్కింగు చేయడానికి వెళ్ళాడు. తెలుగులో పోట్లాట వినబడేసరికి ఆవిడ ఆగింది.

"ఏందప్పా, ముసలాయన్ని నిలబెట్టి అట్ల అరుస్తాండావు?"

నర్సింలు జరిగింది చెప్పాడు. లిఫ్టు, చెవి, పెద్దావిడ, పసుపు, ముత్యవ్వ, అన్నీ ఒక్క ఊపిరిలో. కరీమున్నీసా మొత్తం విని తబ్రేజ్ వైపు తిరిగింది.

"ఈయన మా మామ. మాతోనే వచ్చినాడు. పదండి మామా."

తబ్రేజ్ నోరు తెరిచాడు. "అక్కా, మీ పేరు కరీమున్నీసా. ఈయన పేరు నర్సింలు. మామ ఎట్లయితడు?"

"మా ఊర్లో పేర్లు చూసి వరసలు పెట్టరప్పా. మా ఇంటిపక్క ఓబుల్‌రెడ్డిని మా నాయన బావా అంటాడు. ఆయన భార్య మాకు అత్త. రంజానుకు సేమియా మా ఇంట్లోంచి పోతాది, ఉగాదికి భక్ష్యాలు వాళ్ళింట్లోంచి వస్తాయి. మీ హైదరాబాద్‌లో అట్ల లేదా?"

"ఉంది" అని ఒప్పుకున్నాడు తబ్రేజ్. అతని గొంతు తగ్గింది. "మా గల్లీల యాదమ్మ నాకు మేనత్త."

"మరింకేం? నీకు మేనత్త ఉండొచ్చు, నాకు మామ ఉండకూడదా?"

తబ్రేజ్ కాసేపు కెమెరా వైపు చూశాడు. తర్వాత వాకీటాకీలో గంభీరంగా చెప్పాడు. "నర్సింలు వస్తున్నడు. ఫ్యామిలీతో."

అలా నర్సింలు సౌదీలో ఇరవై ఆరేళ్ళ తర్వాత మొదటిసారి ఫ్యామిలీగా ఒక గేటు దాటాడు. చిన్నపిల్ల చెయ్యి కూడా పట్టుకుందట, నిజంగా తాతయ్యేనేమో అనుకుని. లోపలికి వెళ్ళి, చొక్కా ఎత్తి, మొలతాడు విప్పకుండానే వంగి చెవి పెట్టి తిప్పాడు. లిఫ్టు కదిలింది. తాళం నుంచి చెవి వెంటనే రాక, మొలతాడుతో సహా అతను యంత్రానికి కట్టేసినట్టు వంగి ఉండిపోయాడు. మంచుకొండ ప్రారంభోత్సవంలో తీసిన మొదటి ఫోటోలో షేక్ కుటుంబం వెనక కనబడేది అతని వీపు.

పైన పరదా తీశారు. అప్పటిదాకా ఉమ్ సాలింకు మంచు కనబడనే లేదు. గుడ్డ గోడల మధ్య దువా చదువుకుంటూ కూర్చుంది పాపం. దిగి, మంచు మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు పెట్టి ఉంచింది. "మా ఊరి వడగళ్ళు ఇంతకన్నా చల్లన" అందట. కానీ చెయ్యి మాత్రం వెంటనే తీయలేదు.

కిందికి వచ్చాక ఆవిడకు చలి పట్టుకుంది. నిప్పు కావాలంది. నర్సింలు చంకలో బొగ్గుల సంచి ఇంకా అలాగే ఉంది. గిన్నెలో బొగ్గులు అంటించారు, ఈసారి ఊదు వేయకుండా, కప్పుకు దూరంగా గేటు వసారాలో. పళ్ళు టకటకమంటూ నిలబడ్డ నర్సింలును చూసి ఉమ్ సాలిం అతన్నీ దగ్గర కూర్చోమంది. అతని పక్కన పిల్లలను చూసి, మాషల్లా, మనవరాళ్ళా అని అడిగింది.

ఇంతకన్నా మంచి సమయం రాదనుకుని నర్సింలు వాయిల్‌తో మెల్లగా అన్నాడు. "సాబ్, పని అయింది. నా పాస్‌పోర్టు."

వాయిల్ ఇంకా వేలాడిన అవమానంలోనే ఉన్నాడు. చిరునవ్వు నవ్వాడు. "చుట్టి ఎందుకు నీకు? గేటు దగ్గరి మాట నాదాకా వచ్చింది. నీ ఫ్యామిలీ ఇక్కడే ఉందటగా."

నర్సింలు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కరీమున్నీసా ముందుకొచ్చింది. ఆవిడది బడిలో నేర్చిన అరబీ, తప్పులున్నా చాలా స్పష్టంగా పలుకుతుంది. గేటు సంగతి, వరస సంగతి, పసుపు సంగతి, ఇప్పుడు వాయిల్ అన్న మాట, ఒక్క పొల్లు కూడా వదలకుండా ఉమ్ సాలింకు చెప్పింది.

ముసలావిడ చేతులు కాచుకుంటూ అంతా విన్నది. తర్వాత కర్ర చివరతో వాయిల్ బూటు మీద తట్టింది.

"గేటు దగ్గరేమో ఈయనకు ఎవరూ లేరన్నారు. సెలవు అడిగితే అందరూ ఇక్కడే ఉన్నారంటున్నావు. రెండింట్లో ఒకటి పట్టుకో బాబూ. నాకు పెద్దవయసు, రెండూ గుర్తుండవు."

షేక్ సాలిం దగ్గాడు. ఆ దగ్గుతో పాస్‌పోర్టు వచ్చింది.

పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ రీఎంట్రీ పడేలోగా ఇంకో మీటింగు జరిగింది. జరిగిన ఇబ్బంది మళ్ళీ జరగకుండా దారిని మరింత బాగుచేయాలని తీర్మానించారు. పనివాళ్ళ తలుపు మళ్ళీ తెరుస్తారని నర్సింలు అనుకున్నాడు. జలపాతం ఖరీదైంది, తీయలేమన్నారు. దాని బదులు గేటు పక్కన ఇంకో బోర్డు పెట్టారు: మరమ్మతు సిబ్బంది తమ ఫ్యామిలీతో కలిసి రావలెను. మరమ్మతు సిబ్బందికి ఫ్యామిలీ అనదగ్గది కరీమున్నీసా కుటుంబం ఒక్కటే కాబట్టి వాళ్ళకు ఉచిత పాసు ఇచ్చారు. లిఫ్టు ఆగినప్పుడల్లా ముందు ఆవిడకు ఫోను పోయేది. ఆవిడ బడిలో ఉంటే లిఫ్టు కూడా బడి వదిలేదాకా ఆగేది. మూడేళ్ళ తర్వాత ఆ ఫ్యామిలీ గేట్ల పద్ధతే దేశంలో పోయేదాకా ఇలాగే నడిచింది.

నర్సింలు ఊరు చేరేసరికి ముత్యవ్వ చేనులో ఉంది. సగం మళ్ళు తవ్వి ఉన్నాయి. కూలీలను పెట్టనన్న మనిషి నలుగుర్ని పెట్టుకునే ఉంది. మొగుణ్ణి చూసి మెట్‌పల్లి సంతకు పోయి వచ్చినవాడికి ఇచ్చినట్టు ఒక గోనెసంచి చేతికిచ్చింది.

"మురగవెడ్తనంటివి?"

"నువ్వొస్తవని తెల్వదా ఏంది. పట్టు, కొమ్ములేరు."

మర్నాడు పసుపు ఉడికే డ్రమ్ము దగ్గర, కళ్ళు మండే ఆవిరిలో కూర్చుని నర్సింలు ఆమెకు మంచు గురించి చెప్పాడు. మంచు మీద ఆమెకు పెద్దగా ఆసక్తి కలగలేదు. గేటు దగ్గరి కథ మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది.

"గా పిల్ల నిన్ను మామ అన్నది గద?"

"అన్నది."

"అయితె నేనేమైత?"

"అత్తవైతవు, ఇంకేమైతవు."

ముత్యవ్వ లేచి, అంతకుముందే ఉడికి ఆరిన మంచి కొమ్ములు ఏరి, పాత చీర ముక్కలో మూట కట్టింది. ముడి గట్టిగా బిగించి అతని సూట్‌కేసు అడుగున పెట్టింది. సౌదీకి తిరిగిపోవడానికి ఇంకా రెండు నెలలుంది.

"ఇప్పుడే ఎందుకే?" అన్నాడు నర్సింలు.

"నువ్వు మర్చిపోతవు. తాళంచెవే రెండుసార్లు పోగొట్టినవట" అంది ముత్యవ్వ. "మొలతాడుకు కట్టేంత చిన్నగ లేదిది."